ఇద్దరికీ ఒకే చుక్క

సాయంత్రం ముసలయ్య చెప్పులేసుకుని వీధిలోకి దిగితే, టాటానగర్ సిద్ధగోరా పేటలోని ఆ ఇంట్లో ఇద్దరికి ప్రాణం లేచొచ్చేది. ఒకరు ముసలయ్య. రెండోవారు ఆయన కోడలు పద్మశ్రీ.

ఆయన వెళ్ళేది సూరజ్ టీకొట్టుకి, బంగార్రాజుతో దెబ్బలాడడానికి. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాకముందే రైలెక్కి టాటానగర్‌లో దిగినవాళ్ళే. ఒకే ఫౌండ్రీలో ఒకే కొలిమి ముందు చెమటోడ్చి రిటైరైనవాళ్ళే. "బావా" అంటే "బావా" అనుకుంటారు గానీ ఆ పిలుపు వెనకాల వచ్చేది మాత్రం తిట్టే. ముసలయ్యది ఎర్రజెండా. ఏ పనైనా జనం చేతిలోనే ఉండాలంటాడు. జనం చేతిలో పెడితే కుళాయి కూడా దగ్గుతుందంటాడు బంగార్రాజు. ఈ ఊళ్ళో నీళ్ళూ కరెంటూ చూసేది కంపెనీ కాబట్టి, ఊరికి ఓట్లేసి గెలిపించుకునే మునిసిపాలిటీ కావాలా, కంపెనీ చాలా అన్నది వాళ్ళ ఆస్థాన వివాదం. సూరజ్‌ది బీహారు. వీళ్ళ గొడవ వినీ వినీ అతనికి తెలుగొచ్చేసింది. తిట్లు ముందొచ్చాయి, మిగతాది నెమ్మదిగా వస్తోంది.

పద్మశ్రీకి రాజనీతి శాస్త్రంలో డిగ్రీ ఉంది. అయినా ఆవిడ కోరుకునే రాజ్యం మామగారు టీకొట్టు దగ్గరుండే ఆ కాసేపే. కూరలో ఉప్పెంత వెయ్యాలో చెప్పేవాళ్ళుండరు. గ్యాసు సన్నగా పెట్టమనేవాళ్ళుండరు. కాలు చాపుకుని పుస్తకం తెరిస్తే అడిగేవాళ్ళుండరు.

ఆ రాజ్యం ఒక ఆదివారం కూలిపోయింది. కూల్చింది కూతురు ప్రియ.

ప్రియ కాలేజీలో అందరూ ఫోన్లో ఒక క్విజ్ ఆడుతున్నారట. రాజకీయాల మీద వరసగా ప్రశ్నలొస్తాయి. పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఒప్పుకోను, అసలు ఒప్పుకోను అన్నవాటిలో ఒకటి నొక్కాలి. చివర్న నాలుగు గళ్ళ బొమ్మ వచ్చి, అందులో నువ్వెక్కడున్నావో చుక్క పెట్టి చూపిస్తుంది. వరండాలో తాతా, ఏదో పనిమీద వచ్చిన బంగార్రాజూ అప్పుడే మొదలుపెట్టిన గొడవ చూసి ప్రియకి ఉత్సాహం వచ్చింది.

"తాతా, ఏక్ బార్ ట్రై కరో. ఎవరు ఎంత దూరంలో ఉన్నారో తేలిపోతుంది."

"తేలడానికేటున్నాదే? ఆడు ఆ కొసన, నాను ఈ కొసన," అన్నాడు ముసలయ్య.

"అదేదో మిషన్ సేతే సెప్పించు పాపా. నా మాట ఈ ముసలోడి బుర్రకెక్కదు," అన్నాడు బంగార్రాజు.

ప్రియ హిందీలో పెట్టి ఇచ్చింది. ముందు బంగార్రాజు నొక్కాడు. తర్వాత ముసలయ్య, పరీక్ష హాల్లో పిల్లాడిలా వీపు తిప్పుకుని కూర్చుని మరీ నొక్కాడు. పద్మశ్రీ టీ పెట్టి తెచ్చేసరికి ఇద్దరిదీ అయిపోయింది.

ప్రియ బొమ్మ చూసి, మళ్ళీ చూసి, పకపకా నవ్వింది. రెండు చుక్కలు కావు, ఒక్కటే చుక్క. ఒకటి ఇంకొకదాని మీద సరిగ్గా కూర్చుంది. కింద ఒక బిరుదు కూడా: 'క్రమశిక్షణను కోరే మధ్యేవాది.'

"తాతా, ఆప్ దోనోఁ ఏక్ హీ హైఁ! ఇన్నాళ్ళూ ఉత్తినే కొట్టుకున్నారు!"

నవ్వింది ప్రియ ఒక్కతే. బంగార్రాజు ఆ చుక్కని బొటనవేలితో తుడిచి చూశాడు. పోలేదు. టీ సగంలో వదిలేసి, "ఎల్తాను బావా," అని లేచిపోయాడు. ఆ 'బావా' తర్వాత తిట్టు రాలేదు. పద్మశ్రీ మనసు అప్పుడే కీడు శంకించింది.

మర్నాడు సాయంత్రం ముసలయ్య చెప్పులేసుకోలేదు.

ఆ మర్నాడూ వేసుకోలేదు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వంకాయలు పొడుగ్గా తరగమన్నాడు. కుక్కరు కూతలు లెక్కపెట్టి, ఒకటి ఎక్కువైందన్నాడు. ఆయన భార్య దాలమ్మ మంచమ్మీంచే విసిరింది: "పెళ్ళయిన కాడ్నించీ నాను సెప్పిన ఒక్క ముక్కా ఒప్పుకున్నోడు కాదు. ఆ బంగార్రాజుతో మాత్రం కలిసిపోనాడంట! ఆడికే కట్టబెట్టీవలసింది."

దాలమ్మ అంత మంచి మాట విసిరినా ముసలయ్య తిరిగి విసరలేదంటే, సంగతి వంకాయలతో పోయేది కాదని పద్మశ్రీకి అర్థమైంది.

"ఏటి మావయ్యా, ఆ ఫోనేదో అంటే ఇంత పట్టించుకోవాలా?"

ఆయన కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నాడు. "అది కాదమ్మా. సమ్మె నాడు నాను గేటు బయట కూకున్నాను. ఆడు లోపలికెళ్ళి పన్జేసినాడు. ఆ తరవాత నన్ను ఫోర్‌మన్ సెయ్యనేదు. పోనీలే, నా మాట మీద నాను నిలబడ్డానని సెప్పుకుని ఇన్నేళ్ళు బతికినాను. ఇప్పుడేటి? ఆడూ నానూ ఒకటే అయితే, నాను నిలబడింది దేనికమ్మా?"

పద్మశ్రీ వంకాయలు పొడుగ్గా తరిగింది.

ఆయన ప్రశ్నకి జవాబు రెండ్రోజుల తర్వాత మొగుడి దగ్గర దొరికింది. ఆ సంగతి ఆయనకే తెలియదు. చంద్రశేఖర్ ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. కంపెనీ గేటు పాసు కొత్తది రావాలంటే ఫోన్లో సేఫ్టీ పరీక్ష పాసవ్వాలి. ఆయన ఒక చేత్తో చపాతీ తింటూ, రెండో చేతి బొటనవేలితో టకటకా నొక్కుతున్నాడు. చూపు మాత్రం టీవీ మీద ఉంది.

"ప్రశ్నలు చదవరా?" అంది పద్మశ్రీ.

"చదివితే డౌట్లొస్తాయి. అన్నిటికీ 'పూర్తిగా ఒప్పుకుంటాను' కొట్టీడమే. ఒక్కదానికి కాదన్నామంటే మళ్ళీ క్లాసులో కూకోబెడతారు. నాన్న నాటినుంచీ ఇదే పద్ధతి."

పద్మశ్రీ చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. నాన్న నాటినుంచీ!

గుమ్మంలో కుర్చీ దగ్గరికి వెళ్ళింది. "మావయ్యా, ఆదివారం ఆ క్విజ్‌లో ఏటి నొక్కేరు?"

"ఏటి నొక్కుతామమ్మా? పైదే."

"అన్నిటికీనా?"

"మరి? కిందది నొక్కితే మళ్ళీ మొదట్నించీ పెడతారు కాదేటి?"

పద్మశ్రీ లోపలికి వెళ్ళి ప్రియ ఫోను తీసుకుని ఆ ప్రశ్నలన్నీ చదివింది. పన్నులు పెంచాలని ఒకచోట ఉంది, తగ్గించాలని ఇంకోచోట ఉంది. మామగారు రెంటికీ పూర్తిగా ఒప్పుకున్నారు. ఉరిశిక్ష ఉండాలన్నారు, ఉండకూడదన్నారు. అవతల బంగార్రాజు బాబాయ్ కూడా అదే కొలిమి ముందు, అదే క్లాసులో కూర్చుని, మళ్ళీ కూర్చోబెడితే ఇంటికెళ్ళే అదే బస్సు తప్పిపోతుందన్న భయంతో నేర్చుకున్న మనిషి. చుక్కలు రెండెలా అవుతాయి? యంత్రం వాళ్ళ మనసులు చూడలేదు. బొటనవేళ్ళు చూసింది.

ఈ మాట మామగారికి చెప్పేస్తే సరిపోతుందనుకుంది గానీ, గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. కోడలు చెబితే ఓదార్పు అనుకుంటాడు. ఓదార్పంటే ఆయనకి పడదు. ఆయనకి పడేది ఒక్కటే ఉంది, అది ప్రస్తుతం బంగార్రాజు ఇంట్లో అలిగి కూర్చుంది.

శనివారం మధ్యాహ్నమే పెసరపప్పు నానబోసి, బంగార్రాజుకి ఫోన్ చేసింది. "బాబాయ్, ఆ క్విజ్‌లో ఏదో తప్పు పడిందట. మళ్ళీ ఆడాలంట. పునుకులు వేస్తన్నాను."

క్విజ్ కోసం వచ్చాడో పునుకుల కోసం వచ్చాడో గానీ బంగార్రాజు వచ్చాడు. వరండాలో రెండు కుర్చీలు ఎడంగా ఉన్నాయి. ముసలయ్య వీధివైపు, బంగార్రాజు గోడవైపు చూస్తూ కూర్చున్నారు. ఒకరికి పునుకులో ఉప్పు తక్కువైందని తెలుస్తూనే ఉంది. అనడం లేదు. రెండోవారికి ఎక్కువైంది. ఆయనా అనడం లేదు.

పద్మశ్రీ కళ్ళద్దాలు పెట్టుకుని ఫోను తెరిచింది. "ఈసారి నొక్కడాల్లేవు. నేను చదువుతాను, మీరు నోటితో చెప్పాలి. ఒప్పుకుంటే ఎందుకో చెప్పాలి. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి. మళ్ళీ క్లాసులో ఎవరూ కూకోబెట్టరు."

గొంతు సవరించుకుని తెరమీద చూస్తూ చదివింది. "ఊరికి నీళ్ళూ కరెంటూ ఇచ్చే పని కంపెనీ చేతిలోనే ఉండాలి, మునిసిపాలిటీ అక్కర్లేదు."

పక్కనే ఉన్న ప్రియ ఫోన్లోకి తొంగి చూసింది. "మమ్మీ, యే సవాల్ తో... ఈ ప్రశ్న ఇందులో లేనే లే..."

పద్మశ్రీ కూతురి నోట్లో పునుకు పెట్టింది.

"పూర్తిగా ఒప్పుకుంటాను," అన్నాడు బంగార్రాజు అలవాటు ప్రకారం. తర్వాత ప్రశ్న చెవిలోంచి బుర్రలోకి దిగినట్టుంది, కుర్చీలో నిటారుగా అయ్యాడు. "అవును, ఒప్పుకుంటాను! ఎందుకొప్పుకోను? కుళాయి తిప్పితే నీరొత్తాది. ఇంకేటి కావాలి?"

వీధివైపున్న మెడ గిర్రున ఇటు తిరిగింది. "నీరొత్తాదా? ఎవలికొత్తాది? కంపెనీ గొట్టం ఎళ్ళని బస్తీల్లో అడుగు! నీటికి ఓటేసినావేటి ఎప్పుడైనా? మనం ఓటెయ్యనోడి దగ్గిర నీరు తాగితే అది దానం బావా, హక్కు కాదు!"

"హక్కు! హక్కు తాగుతావేటి గ్లాసులో పోసుకోని? మునిసిపాలిటీ వచ్చిందనుకో, కుళాయి ఇప్పడానికి ముందు రిబ్బన్ కత్తిరిత్తారు!"

"కత్తిరించనీ! కత్తిరించినోణ్ణి ఐదేళ్ళకి దించుతాను. కంపెనీవోణ్ణి దించగలవేటి నువ్వు?"

కుర్చీలు ఎప్పుడు దగ్గరకి జరిగాయో ఎవరూ చూడలేదు. కుళాయి దగ్గర మొదలైన గొడవ కరెంటు స్తంభాల మీదుగా, ఎవరు పిలిచారో తెలియకుండానే సమ్మె దాకా వెళ్ళింది.

"నువ్వు మాటాడకు," అన్నాడు ముసలయ్య. "నువ్వు గేటు లోపలికెళ్ళినోడివి."

బంగార్రాజు చేతిలోని పునుకు పళ్ళెంలో పెట్టేశాడు.

"ఎళ్ళినాను," అన్నాడు బంగార్రాజు. "కొలిమి సల్లారిపోయి గడ్డకట్టీసుంటే, సమ్మె నెగ్గి ఏటి సేద్దువు నువ్వు? ఏ కొలిమికాడ పన్జేద్దువు? నాను నిప్పు కాపాడ్డానికెళ్ళినాను. డ్యూటీ దిగి గేటు బయటికొచ్చి నీ పక్కన కూకున్నాను కాదేటి పొద్దుపోయేదాకా? మీవోళ్ళు నన్ను దొంగ అన్నారు. లోపలోళ్ళు నిన్ను కలిసినానని దొంగ అన్నారు. అయినా కూకున్నాను."

ముసలయ్య పునుకుల పళ్ళెం ఆయన వైపు జరిపాడు.

"కూకున్నావు," అన్నాడు. "నా బీడీలన్నీ కాల్చీసినావు."

పద్మశ్రీ ఫోను వంక చూసింది. పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఒప్పుకోను, అసలు ఒప్పుకోను. పొద్దున్న గేటు లోపలికెళ్ళి, సాయంత్రం గేటు బయట స్నేహితుడి పక్కన కూర్చున్నవాడు వీటిలో ఏది నొక్కాలి? డిగ్రీలో కూడా ఎవరూ చెప్పలేదు.

"అమ్మా, రెండో ప్రశ్న," అన్నాడు బంగార్రాజు.

"రెండోదెందుకు? మొదటిది తేలిందేటి?" అని కసిరాడు ముసలయ్య. "అయినా ఉప్పు తక్కువైన పునుకు తింటే వాదన ఏటి సాగుతాది?"

"తక్కువా? నాలిక మొద్దుబారిపోనాదిరా నీకు!"

తేలలేదు. పునుకులు అయిపోయాక, మిగతాది కొట్టు దగ్గర తేల్చుకుందామని లేచారు. ప్రియ పునుకు మింగి, "మమ్మీ, ఇప్పుడు వీళ్ళ చుక్కలు ఎక్కడ పెట్టాలి?" అంది.

"టీకొట్టు దగ్గర పెట్టు," అంది పద్మశ్రీ, కాళ్ళు చాపుకోవడానికి చోటు చూసుకుంటూ.

చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళిన ముసలయ్య వెనక్కి తిరిగాడు. ముఖం చాలా గంభీరంగా ఉంది.

"కోడలమ్మా, ఆ క్విజ్ అంతా ఒట్టి సెత్తగానీ, ఆ మునిసిపాలిటీ ప్రశ్న ఎవులు రాసినారోగానీ, బుర్రున్నోడే రాసినాడమ్మా."

"పూర్తిగా ఒప్పుకుంటాను మావయ్యా," అంది పద్మశ్రీ.