సముద్రపు జున్ను

తెల్లారగానే థోరా బకెట్టు పట్టుకుని రేవుకి దిగుతుంది. తెచ్చిన ఉప్పునీళ్లు వంటింటి వెనక చల్లగదిలోని తొట్టిలో పోస్తుంది. తొట్టిలో ఉండేది జున్నుముద్దలాంటి స్పాంజి. గాలానికి తగులుకుంటే జాలర్లు తిట్టుకుని అవతల పారేసేదే, కానీ మా ఊళ్లో ఇంటికొకటి ఉంటుంది. నోరూ కళ్లూ లేని జీవి. ఒళ్లంతా ఉన్న చిల్లులతో నీళ్లు పీల్చి, నెత్తిమీది పెద్ద చిల్లులోంచి వదులుతుంది. మురికి పడితే తుమ్ముతుంది. ఆ తుమ్ము మొదలై ముగిసేసరికి పూట గడిచిపోతుంది.

సముద్రం మీద వెళ్లేవాళ్లు ఇంటి స్పాంజిలో చిన్న ముక్క కోసి, ఇంటి గుర్తుగా పాలక్యానులో పట్టుకెళ్తారు. తిరిగొచ్చి తొట్టిలో వేస్తే అది పాకుతూ వెళ్లి అసలుదాన్ని చేరుతుంది. మూడో రోజుకి అతుకు కూడా కనపడదు. వేరే ఇంటి ముక్కయితే అతకదు.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు మా ఊరు తగలబెట్టి జనాన్ని పడవల్లోకి తోసిననాడు, థోరా కూతురు ఆరేళ్ల ఎల్సె పాలక్యానుతో వేరే పడవెక్కేసింది. మళ్లీ కనపడలేదు. థోరా తన క్యానులోని ముక్కతో తిరిగొచ్చి, మళ్లీ ఇల్లు కట్టుకుంది.

పదమూడేళ్ల తర్వాత, ఒక బుధవారం, స్టీమరు దిగిన అమ్మాయి చేతిలో పాలక్యాను ఉంది.

"నాకేం గుర్తులేదండీ," అంది వాకిట్లో నిలబడి. "అనాథాశ్రమంలో ఇంగ అని పిలిచారు. దీనికి మాత్రం రోజూ నీళ్లు మార్చాను. ఏడు ఊళ్లు తిరిగాను, ఎక్కడా అతకలేదు. ఇదే ఆఖరి ఊరు."

థోరా అప్పటికే ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆడపడుచు ఊలీనె అడ్డొచ్చింది.

"ఏడుపులు తర్వాత వదినా! ముందు దాన్ని తొట్టిలో వెయ్యనీ. ఆనాడు క్యాన్లు పట్టుకుని ఎంతమంది పిల్లలు తప్పిపోయారో నీకు తెలీదా?"

వేశారు. మొదటిరోజు ముక్క గోరంత జరిగింది. రెండోరోజు బెత్తెడు. మూడోరోజు వేలెడు దూరంలో ఆగి, రెండూ అంచులు వెనక్కి తీసుకున్నాయి.

"రేపు స్టీమరుంది," అంది ఊలీనె, తొట్టివైపు చూడకుండా.

"ఫర్వాలేదండీ, నాకలవాటే," అంది ఇంగ. ఆ అలవాటు మీద థోరాకి చచ్చేంత కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున ఇంగ తన ముక్క తీసుకుందామని వంగి, అలాగే ఆగిపోయింది. రెంటి మధ్యా తొట్టి అడుగున కందిపప్పు బద్దంతది అంటుకుని ఉంది. ముగ్గురూ తలలు ఆనించి చూశారు. అప్పుడే నీళ్లు పీలుస్తోంది బుల్లిది!

ఊలీనె కళ్లద్దాలు సర్దుకుంది. "ఇదెవరిది వదినా?"

"రెంటిదీను. ఒకటే అయ్యుంటే అతుక్కుని ఊరుకునేవి. వేరు కాబట్టే పిల్ల పుట్టింది."

"అయితే ఈ అమ్మాయి మన ఎల్సె కాదనేగా?"

"కాదు," అంది థోరా. ఆ మాట అనడానికి ఆమెకి పదమూడేళ్లు పట్టింది. గోడకి ఆనుకుని, పిల్ల పోయిన తల్లి ఏడ్చే ఏడుపు ఇన్నాళ్లకి ఏడ్చింది. ఇంగ ఏం చెయ్యాలో తెలియక ఆమె వీపు నిమిరింది.

రేవులో స్టీమరు కూత వేసింది. ఇంగ కళ్లు తుడుచుకుని పెట్టె కోసం చూసింది. ఊలీనె దానిమీద బైఠాయించి ఉంది.

"లేవండత్తా, ఆలస్యమవుతోంది."

"లేవను. తొంభై కిలోలున్నాను. దమ్ముంటే నన్ను కూడా మోసుకుపో."

థోరా ముక్కు చీదుకుని, పొయ్యిమీద ముగ్గురికి కాఫీ పెట్టింది.