పదకొండు ముడులు

భవాని పేట్‌లో పవర్‌లూమ్‌లు మొదలయ్యే వేళకి సుమిత్ర రాట్నం ముందేసుకుని భర్త ఎదురుగా కూర్చుంటుంది. గోవర్ధన్ చాయ్ తాగి నోరు తెరుస్తాడు. మాటతో పాటు పెదవుల సందు నుంచి తెల్లటి నూలుపోగు వస్తుంది. ఆమె కొస అందుకుని కండెలకి చుడుతుంది. పది కండెలు కాగానే "ఇగ బస్" అంటుంది. ఆయన ఆపడు. పదహారవుతాయి. గల్లీలో ఎవరికీ ఇది వింత కాదు. పోగు కాస్త ముతకని పక్కింటి పార్వతీబాయి మాత్రం సణుగుతుంది. ఆమెకి దేవుడు వడికిచ్చినా ముతకే.

రిటైరైన ఇంగ్లీషు మాస్టరు మంగేశ్ ఒకరోజు ఈయన ముందు రెండు గంటలు చిక్కుకుపోయాడు. లేస్తూ, "నీ సాగదీతకి ఇంగ్లీషులో పేరుంది, మాక్రాలజీ" అన్నాడు. బాగా తిట్టానని సంతోషంగా ఇంటికెళ్లాడు. గోవర్ధన్‌కి అది బిరుదులా వినిపించింది. మర్నాడే మాస్టరింటికి పోయి ఆ మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టాడు.

ఇక అదే పారాయణం. తమ్ముడు వినాయక్ కూతురు అశ్వినిని చూడటానికి పుణె వాళ్లొచ్చినప్పుడు, "మీరేం చేస్తారు?" అని మర్యాదకి అడిగారు. గోవర్ధన్ ఆ మాట పుట్టిన గ్రీసు దేశం నుంచి అందుకున్నాడు. మూడు గంటలు. పెళ్లికొడుకు మేనత్త కాళ్లకి పోగు చుట్టుకుంది. తెంపుకుని వెళ్లినవాళ్లు మళ్లీ ఫోనెత్తలేదు.

వినాయక్ చేతులు ముప్పై ఏళ్లు మగ్గాల మీద పనిచేసినవి. ఖాళీ దొరికితే ఎవరివో పళ్లు రాలగొడతాయి. హోట్గి రోడ్‌లో ఒక రిక్షావాడి దవడ, నీలం నగర్‌లో సొంత బావమరిది మోచెయ్యి ఆయన విరగ్గొట్టినవే. పుణె వాళ్లు వెళ్లిన ఎనిమిదో రోజు పొద్దున చెరకు కొట్టే కోయతా పట్టుకుని అన్న ఇంట్లోకి వచ్చాడు.

సుమిత్ర అడ్డం పడింది. "వద్దు వినాయకా, దండం పెడ్త!"

"జరుగు వదినె. ఇయ్యాల గా నోరు బంద్ చేస్త."

ఒక్క తోపుకి ఆమె గోడకి కొట్టుకుంది. నుదురు చిట్లింది.

"తమ్మీ, కూసో," అన్నాడు గోవర్ధన్. "నీకు కోపమొచ్చింది. నాలుగొందల ఏండ్ల కింద ఇంగ్లీషు పండితులకు గూడ గిట్లనే—"

కోయతా ఎడమ భుజంలో దిగింది. ఎముక చప్పుడు సుమిత్రకి వినిపించింది. రక్తం గోడ మీదికి చిమ్మింది, పోగు ఎర్రబడింది. నొప్పి పుడితే మనిషన్నవాడు అరుస్తాడు. ఈయన వివరిస్తాడు.

"—కోపమొచ్చి, మాట సాగదీసుడు తప్పని పుస్తకాల రాసిండ్రు. గ్రీకుల మాక్రోస్ అంటే పొడుగు. లోగోస్ అంటే—"

రెండో వేటు మెడకి గురిపెట్టాడు. జానెడు దూరంలో ఉండగా కత్తి అంచుకి పోగు తెగింది. మాట ఆగింది.

తెగిన కొస గాలిలో ఊగింది. ముప్పై ఏళ్లలో ఆ చెయ్యి తెగిన పోగును అలా వదిలిపెట్టలేదు. కోయతా కిందపడింది. వినాయక్ రెండు కొసలూ అందుకుని, ఉమ్మితో తడిపి ముడేశాడు. వేశాక గాని తనేం చేశాడో ఆయనకి తెలియలేదు. పళ్లు నూరుతూ కోయతా కోసం వంగాడు.

సుమిత్రకి అర్థమైంది. కళ్లలోకి కారుతున్న రక్తం తుడుచుకుని, పాక్కుంటూ వచ్చి పోగును పళ్లతో పటుక్కున తెంపింది. వినాయక్ చేతులు వెనక్కొచ్చాయి. ముడేశాడు. వంగాడు. ఆమె తెంపింది.

"వదినె, తెంపకు! నిన్ను గూడ నరుకుత!" అంటూనే ముడేశాడు.

ఆమె భర్త వైపు తిరిగింది. "ఆపకు! మాట్లాడు! ఇంకా మాట్లాడు!" ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మాట అనడం అదే మొదలు.

ఈలోగా పార్వతీబాయి చీపురుతో కోయతాను గడప బయటికి లాగేసింది. పదకొండో ముడికి వినాయక్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. "లోగోస్ అంటే ఏందో చెప్పి సావు!" అని ఏడ్చాడు.

"మాట," అన్నాడు గోవర్ధన్, స్పృహ తప్పుతూ. ఆయన జీవితంలో ఒక్క ముక్కలో ముగించిన జవాబు అదొక్కటే.

నలభై కుట్లు పడ్డాయి. ఎడమ చెయ్యి మళ్లీ లేవలేదు. కోయతా పోలీసులు తీసుకుపోయారు. చెట్నీకి కొబ్బరికాయలు కొట్టుకోవచ్చని పార్వతీబాయి రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు.

మూడు నెలలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చిన వినాయక్ ఒక పొద్దున రాట్నం పక్కన వచ్చి కూర్చున్నాడు. సుమిత్ర చెయ్యి నుదుటి మచ్చ మీదికి పోయింది.

"పోగు తెగితే ముడేయనీకి వచ్చిన వదినె," అన్నాడు నేల చూస్తూ. "ఇననీకి కాదు."

ఆమె ఆయన చేతుల్ని చూసింది. తర్వాత భర్తకి చాయ్ అందించింది. పదో కండె నిండాక "ఇగ బస్" అనకుండా ఖాళీ కండె అందుకుంది.