జంపక్కను అడగలేదు

"ల్యాబ్‌ల బ్యాక్టీరియాను మస్తు పెంచుతవ్. ఇంట్ల ఇడ్లీ పిండి మాత్రం పులవది!"

క్రిస్టోఫర్ ప్లేటు పక్కకు నెట్టి నవ్వాడు. భార్య రిబ్కా నవ్వలేదు. ఇవాళ శుక్రవారం. గూడెం జనం పుండ్లకు వాడే పుండుతీగ నిజంగా పనిచేస్తుందని సోమవారానికల్లా చూపించకపోతే ఆమె రెండేళ్ల పరిశోధన మూసేస్తానన్నాడు గైడ్ సతీష్ సార్. 'స్కూలు ఉద్యోగం చూసుకోమ్మా, సంసారానికీ మంచిది' అని సలహా కూడా పారేశాడు. ఇద్దరు మగాళ్లు, రెండు గొంతులు, ఒకటే మాట. అంట్లు తోముతున్నా ఆమె బుర్ర ల్యాబ్‌లోనే ఉంది. తీగలో మందు గుణమున్న టానిన్లున్నాయి, ఆల్కలాయిడ్లున్నాయి. కానీ చీము పట్టించే బ్యాక్టీరియా మీద ఆ రసం పోస్తే ఒక్కటీ చావదు. భద్రాచలం అవతల గూడెంలో మాత్రం అదే తీగతో పుండ్లు మానుతున్నాయి. తప్పెక్కడ? తడి చేత్తోనే నోట్సు తెరిచింది. 2004లో సార్ స్వయంగా రాసుకొచ్చిన పేజీ. 'సమాచారం ఇచ్చినవారు: పగిడయ్య. ఆకు ఎండబెట్టి నూరాలి.' అడవి నుంచి తీగ తెచ్చేది పగిడయ్యే. మరి నూరేదెవరు?

గిన్నెలు అలాగే వదిలేసి గూడేనికి బస్సెక్కింది.

నోట్సులో రాసింది విని పగిడయ్య భార్య జంపక్క పడీపడీ నవ్వింది.

"ఎండబెడ్తరా? గాయనకేం ఎరుక బిడ్డా! తెచ్చి పడేసి పోతడు. ఏనాడన్న నూరిండా?"

"మరి సార్‌కు నువ్వెందుకు చెప్పలే అక్కా?"

"నన్నడిగిండా? చాయ్ పెట్టుమన్నడు, పెట్టిన."

ఆకు కాదు, వేరు. పచ్చి వేరు తోలు గీకి, పులిసిన గంజిలో ఒక దినం నానేసి నూరాలి. వేర్లు, గంజి వెంట తెచ్చుకుని శనివారం ఇంట్లోనే నానేసింది రిబ్కా.

ఆదివారం క్రిస్టోఫర్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "చర్చి కాంగనే మా అమ్మోళ్లొస్తున్నరు. వంట?"

"బియ్యం డబ్బాల ఉన్నయ్. మీ అమ్మకు నువ్వు వండు."

ల్యాబ్‌లో బ్యాక్టీరియా పూసిన జెల్లీ ప్లేటులో మూడు గుంటలు చేసింది. ఒకదానిలో ఎండాకు రసం. ఒకదానిలో జంపక్క మందు. పులుపే చంపిందని ఎవరూ అనకుండా, మూడోదానిలో వట్టి గంజి.

సోమవారం రెండు గుంటల చుట్టూ బ్యాక్టీరియా దట్టంగా అలుముకుని ఉంది. జంపక్క మందు చుట్టూ మాత్రం రూపాయి బిళ్లంత తేటగా ఖాళీ.

"శభాష్! నా పేరు మొదట పెట్టి పేపర్ పంపుదాం" అన్నాడు సతీష్ సార్.

రిబ్కా టైపు చేసిన కాగితం ముందు పెట్టింది. 'సమాచారం ఇచ్చినవారు: జంపక్క. పరీక్షించినది: రిబ్కా.'

"మరి నా పేరు?"

"ఉంది సార్. రెండేళ్లు ఎందుకు దండగయ్యాయో చెప్పిన పేరాలో."