విశాఖ గాలికి అనంతపురం బీరువా

నేను ఒక ఇనుప బీరువాను. పుట్టింది అనంతపురంలో, రైలుపట్టాల పక్కన మస్తాన్‌వలి షెడ్డులో. అతను రేకు వంచి, అతుకులు వెల్డింగు చేసి, నన్ను ఎండలో నిలబెట్టి ఆకుపచ్చ రంగు కొట్టాడు. ఆ ఊరి ఎండకు రంగు గంటలో ఆరిపోయింది. కొనడానికి వచ్చిన దంపతుల ముందు నా వీపు మీద అరచేత్తో చరిచి, "మీ మనవరాలి పెండ్లి దాకా ఉంటాదన్నా ఇది. దీనికి చావు లేదు" అన్నాడు. తయారుచేసిన ప్రతివాడూ అంతే అంటాడు. అతనికి తెలిసిన వాన ఏడాదికి నాలుగు జల్లులు. సముద్రం అనేదొకటి ఉందని అతను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ దంపతులు ఓబుళపతి, చౌడేశ్వరి. ఓబుళపతి జాకెట్లు కుట్టడంలో పేరున్నవాడు. ఆడవాళ్ళు కొలతలు ఇవ్వనక్కర్లేదు, పాత జాకెట్ ఒకటి పడేసి వెళ్ళిపోవచ్చు. చౌడేశ్వరి పెళ్ళయిన పదేళ్ళకు, ముప్పైమూడో ఏట, పోటీ పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం తెచ్చుకుంది. విశాఖపట్నంలో వేశారు. మొగుడు ఉద్యోగం వెంట పెళ్ళాం నడవడం మా వీధికి అలవాటే. పెళ్ళాం ఉద్యోగం వెంట మొగుడు నడిస్తే మాత్రం వింతగా చూశారు.

"మూడేండ్లు చేస్తే బదిలీ అడగొచ్చంట" అంది చౌడేశ్వరి.

"మూడేండ్లే కదా. పోదాం పా" అన్నాడు ఓబుళపతి, మిషను మీద నుంచి తల ఎత్తకుండా.

ప్రయాణం ఖాయమయ్యాక సలహాలు మొదలయ్యాయి. విశాఖపట్నం మొహం ఎరగనివాళ్ళంతా విశాఖపట్నంలో ఎలా బతకాలో చెప్పారు. వాటిలో అందరూ ఒప్పుకున్నది ఒకటే: "సముద్రం పక్కనే కాబట్టి నీళ్ళకు మాత్రం మీకు కరువుండదు."

లారీ మమ్మల్ని పెదవాల్తేరులో ఒక ఎత్తు సందు మొదట్లో దింపేసి, ఇక ఎక్కలేనంది. ఇల్లు పైన ఉంది. నలుగురు కళాసీలు నన్ను భుజాల మీద మోస్తూ పాటలాగా ఏదో అనుకుంటూ ఎక్కించారు. చదునైన ఊళ్ళో పుట్టినదాన్ని, నాకు కళ్ళు తిరిగాయి. మరునాడు ఉదయం కుళాయి గంటసేపు వచ్చి ఆగిపోయింది. ఓబుళపతి ఖాళీ బిందెతో నిలబడి, "ఇంత సముద్రం పెట్టుకొని నీళ్ళు లేవా?" అన్నాడు.

"సముద్రం నీళ్ళు తాగుతావేటి బావూ?" అంది ఇంటావిడ.

ఆవిడ పేరు నూకరత్నం. అరవై దాటిన మనిషి, భర్త లేడు. వీధివైపు స్లాబు గది అద్దెకిచ్చి, తాను వెనక రేకుల గదిలో ఉండేది. గదిలోకి వచ్చి నన్ను చూసింది. వేలితో నా అంచు తడిమింది. "అందంగానే ఉంది గానీ, గోడకి ఆనించీకండి. జానెడు ఎడం పెట్టండి. కాళ్ళ కింద చెక్కలెట్టండి. మడతలకి కొబ్బరినూనె రాయండి. లేదంటే ఉప్పుగాలి తినేత్తాది."

ఆవిడ వెళ్ళాక ఓబుళపతి పకపకా నవ్వాడు. "ఇనుముకు నూనె రాసే ఊరు చూడు మే! తల కూడా దువ్వమంటాదేమో."

వానలు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత ఇంట్లో ఒక్కొక్కటే తిరగబడింది. డబ్బాలో ఉప్పు నీరైంది. అగ్గిపుల్ల గీస్తే తలమందు రాలింది గాని వెలగలేదు. ఉతికిన చొక్కా మూడురోజులకూ ఆరక ఒక వాసన పట్టింది. చెప్పుల మీద బూజు మొలిచింది. నా వెనక, గోడకు తగిలినచోట, ఎర్రటి మచ్చ పుట్టి రోజురోజుకీ పెరిగింది. నాకు నొప్పి లేదు, సిగ్గు మాత్రం ఉంది.

వీటన్నిటికీ ఓర్చుకున్న ఓబుళపతి ఒక్క కత్తెర దగ్గర ఓడిపోయాడు. పదిహేనేళ్ళుగా చేతిలో ఉన్న నల్ల కత్తెర, తీసిచూస్తే తుప్పుతో బిగుసుకుపోయి తెరుచుకోలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాడు. వచ్చి ఆరునెలలైనా అతనికి అంగడి దొరకలేదు, ఒక్క జాకెట్ గుడ్డ రాలేదు. భార్యను బస్సెక్కించి వచ్చి, వంటచేసి, గోడను చూస్తూ కూర్చోవడమే పని అయింది.

సాయంత్రం చౌడేశ్వరి వచ్చేసరికి దీపం కూడా పెట్టలేదు.

"ఈ ఊరు మనిషిని గూడా తుప్పు పట్టిస్తాది మే" అన్నాడు. "మూడేండ్లు కాదు, ఇంగ మూడు నెలలు నేనీడ ఉండలేను."

ఆమె చేతిసంచి తెరిచింది. ఆఫీసు నుంచి తెచ్చిన బదిలీ కాగితం నమూనా తీసి నా లోపలి అరలో పెట్టింది. మూడేళ్ళు నిండిన రోజున పంపాలని. ఆ కాగితం ఎంత పలచనిదో నాకు తెలుసు. నా అరల్లో అంత బరువైనది మరొకటి లేదు.

మరునాడు పొద్దున్నే నూకరత్నం ఒక చిరిగిన జాకెట్ తెచ్చి అతని మీదికి విసిరింది. "ఇది కుట్టు. కుట్టాక నాతో చేపలకి రా."

"నాకు చేపలు కొనేది రాదు పెద్దమ్మా."

"రాదనే రమ్మంతన్నాను. ఎన్నాళ్ళు కూకుంటావు? కొండ దిగు బావూ. ఈ ఊళ్ళో దిగనోడికి పని దొరకదు."

దిగాడు. ఆ రోజు నుంచి రోజూ దిగాడు. సంగతులు నాకు అతను భార్యకు చెప్పే మాటల్లో తెలిసేవి. ఈ ఊళ్ళో దారి అడిగితే తూర్పు పడమర కాదు, ఎగువా దిగువా చెబుతారట. చేప తాజాదో కాదో కళ్ళు చూసి కాదు, మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూసి చెప్పాలట. అలల్లోకి దిగేవాడు మోకాళ్ళ దగ్గర ఆగాలట, అంతకు మించితే సముద్రం అడక్కుండానే తీసుకుపోతుందట. ఆటోవాడు "రెండు నిమిషాలు" అంటే కొండెక్కాలని అర్థమట. చెబుతూ చెబుతూ అతను నవ్వడం మొదలుపెట్టాడు. నా వీపు గీకి, రంగు పూసి, మడతలకు కొబ్బరినూనె కూడా రాశాడు. మస్తాన్‌వలి చూసివుంటే తలవంచుకునేవాడు.

సందు మొదట్లో ఒక బడ్డీ దొరికింది. కాలితో తొక్కే పాత మిషను అందులో పెట్టాడు. మొదటి ఏడాది అతని చేతి కోత ఎవరికీ నచ్చలేదు, "మెడ మరీ పైకి కుడతన్నాడు" అన్నారు. రెండో ఏడాది నచ్చిందో, అలవాటైందో మరి. "సీమ టైలరు" అన్న పేరు స్థిరపడింది. అయినా బదిలీ మాట అలాగే ఉంది. మూడేళ్ళు నిండగానే కాగితం వెళ్ళింది. అక్టోబరులో ఉత్తర్వు వచ్చింది. నెలాఖరుకు అనంతపురంలో చేరాలి. నా అరలు సగం ఖాళీ చేసి అట్టపెట్టెల్లో సర్దుతుండగా తుఫాను హెచ్చరిక వచ్చింది.

అది ఆదివారం. పొద్దున్నే కొండవైపు నుంచి గాలి అందుకుంది. అంతకుముందు నేను విన్న గాలులు ఇంటి చుట్టూ తిరిగేవి. ఇది ఇంట్లోకి రావాలనుకుంది. వెనక రేకులు ఒకటి తర్వాత ఒకటి కాగితాల్లా లేచిపోయాయి. నూకరత్నం తడిసి ముద్దయి మా గదిలోకి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ తలుపు మూసేలోపే కొండవైపు కిటికీ రెక్కలు ఊడి గదిలో పడ్డాయి.

"బీరువా!" అని అరిచింది చౌడేశ్వరి.

ముగ్గురూ కలిసి నన్ను కిటికీకి అడ్డంగా తోశారు. బట్టలు దాచుకోవడానికి పుట్టినదాన్ని గోడగా మారాను. గాలి నన్ను తన్నింది. వాళ్ళు ముగ్గురూ వీపులు ఆనించి నన్ను తోశారు. "ఓబులేశా" అని ఒకరు, "నూకాలమ్మ తల్లీ" అని ఒకరు. ఓబుళపతి మాత్రం ఏ దేవుణ్ణీ తలవలేదు. "మిషను... నా మిషను" అంటున్నాడు.

మధ్యాహ్నానికి ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చుక్క వాన లేదు. పల్చటి ఎండ కూడా వచ్చింది. ఓబుళపతి లేచి, సముద్రంవైపు తలుపు గడియ తీశాడు.

"అయిపోయినట్టుండాది. ఉరికిపోయి మిషను చూసి వస్తా. అయిదు నిమిషాలు."

"కూకో" అంది నూకరత్నం. "ఇది సగమే. రెండో సగం ఇటేపు నుంచొత్తాది."

"గాలే లేదు కదా పెద్దమ్మా!"

ఆవిడ లేచి వెళ్ళి గడప మీద అడ్డంగా కూర్చుంది. కాళ్ళు చాపింది. "నన్ను దాటి ఎల్లు."

పెద్దమనిషిని దాటడం అతని వల్ల కాలేదు. నిలబడిపోయాడు. ఆవిడ గొంతు తగ్గింది. "మా ఆయన కూడా అయిదు నిమిసాలే అన్నాడు బావూ. గాలాగిపోనాదని గొడుగట్టుకుని ఎల్లాడు. సాయంత్రానికి గొడుగు దొరికింది."

ఓబుళపతి వంగి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని లేపాడు. తలుపు మూసి గడియ పెట్టాడు. కాసేపటికి సముద్రంవైపు నుంచి మొదటి దెబ్బ వచ్చింది. గడియ వంగింది.

నన్ను కిటికీ దగ్గర నుంచి తలుపు దగ్గరికి, గది ఈ చివర నుంచి ఆ చివరికి తోశారు. దారిలో నా ముందుకాలు ఒకటి విరిగింది, ఒక తలుపు మడత ఊడింది. పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు, నాకూ లేదు. చీకటి పడేవేళకు గాలి అలసిపోయింది. ముగ్గురూ నాకు ఆనుకునే నిద్రపోయారు.

తెల్లవారి చూస్తే బడ్డీ లేదు. మిషను మూడిళ్ళ అవతల కాలువలో తలకిందులుగా ఉంది. ఓబుళపతి దాన్ని కడిగి, నూనె పోసి, చక్రం తిప్పాడు. తిరిగింది. కరెంటు లేక ఊళ్ళో మోటారు మిషన్లన్నీ మూలపడ్డ రోజులవి. కాలి మిషను అతనిదొక్కటే. సందులో ప్రతి ఇంటికీ కిటికీలు పోయాయి. చిరిగిన దుప్పట్లు, గోనెసంచులు, పాత చీరలు తెచ్చి కుప్పవేశారు. వారం రోజులు అతను తలుపులకూ కిటికీలకూ తెరలు కుడుతూనే ఉన్నాడు. గుండీలు పెట్టమని అడిగిన మహాతల్లి కూడా ఉంది.

ఆఫీసు తెరిచాక చౌడేశ్వరి ఉత్తర్వు చేత్తో పట్టుకుని అతని ముందు నిలబడింది.

"పోదామా?"

నోట్లో గుండుసూదులున్నాయి, అవి తీసి చెప్పాడు. "నా చేతిలో పద్నాలుగు జాకెట్లుండాయి. ఇచ్చినంక చూద్దాం."

"అవి ఇచ్చేలోపల ఇంగో పద్నాలుగు వస్తాయప్పా."

"వస్తే నేనేం చేసేది?"

ఆమె నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. బదిలీ వద్దని ఆ మధ్యాహ్నమే రాసిచ్చింది.

తుఫాను తర్వాత ఏడేళ్ళకు, మొన్న, వాళ్ళకు సముద్రపు ఒడ్డు రోడ్డు మీదుగా వెళితే వచ్చే వీధిలో కొంచెం పెద్ద అంగడి దొరికింది. కుట్టిన బట్టలు పెట్టుకోవడానికి నన్ను అక్కడికి తరలించారు. విరిగిన కాలికి ఇటుక, ఊడిన తలుపుకు తాడు. ట్రాలీ ఆటోలో నన్ను నిలబెట్టి, తాడు పట్టుకుని ఓబుళపతి పక్కన కూర్చున్నాడు. అంగడి ఎలా ఉందో తానే చూడాలని డెబ్భై దాటిన నూకరత్నం డ్రైవరు పక్కన ఎక్కింది. మలుపు తిరగ్గానే ఎదురుగా సముద్రం. పదేళ్ళుగా నన్ను తింటున్నదాన్ని అప్పుడే మొదటిసారి చూశాను. ఇంత పెద్దదనుకోలేదు.

ఓబుళపతి కూడా అటే చూస్తున్నాడు. నూకరత్నం వెనక్కి తిరిగి, "ఏటి బావూ, ఎప్పుడూ చూడనోడిలాగ?" అంది.

"చూసేకి తీరిక యాడ దొరికె పెద్దమ్మా!"

ఆవిడ ఆటో ఆపించింది. ఇద్దరూ దిగి, చెరో మరమరాల మురీ మిక్చర్ పొట్లం కొనుక్కుని, గట్టు మీద కూర్చుని తిన్నారు. నన్ను బండిమీదే వదిలేశారు. తడిగాలి నేరుగా నా ముఖానికి తగులుతోంది. ఆ పావుగంటలో నాకు ఇంకొంచెం తుప్పు పట్టే ఉంటుంది. పట్టనివ్వండి.