పీపాల పోచమ్మ

పోచమ్మ పీపాకు చెవి ఆనించి, పిడికిలితో పైనుంచి కిందికి మెల్లగా తట్టుకుంటూ వచ్చింది. నడుము దాకా ఖాళీ మోత. అక్కణ్ణించి మోత మూగబోయింది. వైను అంతవరకే ఉంది. అది కూడా పైపులోంచి పక్కనున్న స్టీలు ట్యాంకులోకి పోతోంది. మిగతా ఓక్ చెక్క పీపాలన్నీ ఖాళీ అయి, సనత్‌నగర్ షెడ్డు గోడవారన పొట్టలు ముందుకు తోసుకుని నిలబడ్డాయి. మధ్యాహ్నం లారీ వస్తుంది. పంజాగుట్టలో కొత్తగా తెరుస్తున్న హోటలువాళ్లు వాటి మీద అద్దాలు వేసి బల్లలుగా వాడుకుంటారట.

ఆమె పొట్టి మనిషి. కొంగు నడుముకు బిగించి, చీర పిక్కల మీదికి ఎత్తికట్టి ఉంది. వేడినీళ్లతో పీపాలు కడిగీ కడిగీ అరచేతులు ముడతలు పడ్డాయి. గోళ్ల చివర్లలో చేరిన వైను రంగు ఏ సబ్బుకూ వదల్లేదు.

చెక్క తాగుతుంది. పీపాలో పోసిన వైనును కొంచెం కొంచెంగా పీల్చి గాలికి వదులుతుంది. తగ్గినంత మళ్లీ నింపకపోతే ఆ ఖాళీలో గాలి చేరి వైను పులిసిపోతుంది. వారం వారం ఆ వెలితి నింపడమే పోచమ్మ పని. చుట్టుపక్కల వర్క్‌షాపులవాళ్లు ఆమెను పీపాల పోచమ్మ అనే పిలుస్తారు.

వైను తయారుచేసే ఈ షెడ్డు యజమాని కామరాజుగారు జబ్బుపడ్డాక వ్యవహారమంతా కూతురు రవళి చూసుకుంటోంది. ఆ పిల్ల పైపు కట్టేసి, చివరి పీపాలోది ఒక చిన్న సీసాలో పట్టి పోచమ్మ చేతికిచ్చింది.

"నాన్నకివ్వు. రుచి చూస్తానని పట్టుబడుతున్నారు. పీపాలు పోతున్న సంగతి మాత్రం చెప్పకు, తట్టుకోలేరు."

పోచమ్మ సీసాను కొంగులో చుట్టుకుంది.

"నీ పని ఎక్కడికీ పోదు పోచమ్మా. ట్యాంకులైనా కడగాలి కదా. ఓక్ ముక్కలు సంచిలో కట్టి లోపల వేస్తే చాలట, ఇదే రుచి దిగుతుందట. కొత్త పీపాలు తెప్పించే శక్తి మనకు లేదు."

పోచమ్మ గోడవారన ఉన్న పీపాలను ఓసారి చూసుకుంది. వెళ్లి షేర్ ఆటో ఎక్కింది.

ఈ షెడ్డుకు ఆమె మొదట వచ్చింది వైనుకు తెచ్చే అంగూరు పళ్ల బుట్టల మీద కూర్చుని, లారీలో. ఊరి అంచున ఉన్న అంగూరు తోటలో అమ్మా నాయినా కూలిపని చేసేవాళ్లు. ఇప్పుడా తోటలో అపార్టుమెంట్లు లేచాయి. ఆ రోజు లారీ దిగేసరికి, కారుతున్న పీపాలో తలదూర్చి ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తలుపులూ కిటికీలూ చేసుకునే వడ్రంగి హనుమాండ్లు. కామరాజుగారు ఎక్కడో విదేశంలో వాడి వదిలేసిన పీపాలు కొనితెచ్చి అతనికి అప్పజెప్పారు. తల బయటికి తీసేసరికి అతని ముఖం నిండా మసి. పోచమ్మ పకపకా నవ్వింది. మరుసటి ఏడు పెళ్లయింది.

చెక్కలో సారం తగ్గినప్పుడల్లా హనుమాండ్లు పీపా లోపల గీకి, చెక్కముక్కలతో సన్నటి మంట పెట్టేవాడు. ఓక్ మెల్లగా ఎర్రబారేది. ముదురు పాకం మాడుతున్నట్టు, పక్కనే ఎవరో మసాలా వేయిస్తున్నట్టు వాసన గల్లీ అంతా కమ్ముకునేది. రాత్రి తాముండే యూసుఫ్‌గూడ గదిలో అతని చొక్కా విప్పితే అదే వాసన. అతను గుండెపోటుతో పోయాక పీపాలు గీకేవాళ్లు దొరకలేదు. చొక్కాను చాలా రోజులు ఉతకలేదు ఆమె. ఉతికాక చాలా రోజులు ఏడ్చింది.

మైత్రీవనం దగ్గర ఆటో దిగి, కోచింగ్ సెంటర్ల ప్రకటన కాగితాలు పంచే కుర్రాళ్లను తప్పించుకుంటూ వెనక గల్లీలోకి నడిచింది. కామరాజుగారి భార్య దుర్గాంబ తలుపు తీసింది.

"తెచ్చావా? పొద్దుట్నుంచీ ఒకటే అడగడం. పెదవులు తడిపితే చాలు పోచమ్మా, డాక్టరు వద్దన్నాడు."

కామరాజుగారు కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. మనిషి సగమైపోయారు. గాజు గ్లాసులో పోయించుకుని, ముందు వాసన చూశారు. ఓ గుక్క తాగి, నోట్లోనే చాలాసేపు ఉంచుకున్నారు.

"హనుమాండ్లు ఆఖరుసారి కాల్చిన పీపా కదూ?"

"అదే సారూ."

"మిగతావి నింపావా ఈ వారం?"

పోచమ్మ తల వంచుకుంది. ఇన్నేళ్లలో ఆయనకు అబద్ధం చెప్పలేదు.

"నింపలే సారూ. అన్నీ ఖాళీ చేసినం. ఇయ్యాల లారీల పోతున్నయ్. రవళమ్మ చెప్పొద్దన్నది."

ఆయన గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు. "నేనున్నా అదే చేసేవాణ్ణి. చెక్క ఇవ్వగలిగినంతా ఇచ్చింది. ఇంకెంతని అడుగుతాం." మళ్లీ అన్నారు: "నువ్వుంటావా?"

"ఉంట సారూ. రవళమ్మ ఒక్కతే ఎట్ల చేస్తది?"

"అయితే నువ్వూ ఓ చుక్క రుచి చూడు. నీ మొగుడి చేతిపని."

సారా తాగి పోయిన నాయినను చూసినప్పట్నుంచీ ఆమె చుక్క మందు కూడా నోట పెట్టలేదు. దుర్గాంబ గ్లాసు తెచ్చి కొంచెమే పోసింది. పోచమ్మ గోడ వైపు తిరిగి తాగింది. ముందు వగరు. తర్వాత నాలుక వెనక నుంచి, మాడిన పాకం, పొగ. ఆ చొక్కా. కళ్లు తుడుచుకోవడానికి కొంగు తీసింది.

"ఎట్లుంది?" అన్నారు కామరాజుగారు.

"మా ఇంట్ల ఉన్నట్టుంది సారూ."

ఆయన నవ్వి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి కళ్లు మూసుకున్నారు. పోచమ్మ కింద కూర్చుని, ఆయన నిద్రపోయారనుకుని, వంటింట్లో కూర తరుగుతున్న దుర్గాంబ కత్తిపీట చప్పుడు వింటూ ఉండిపోయింది. మందులూ నీళ్లూ తెచ్చిన దుర్గాంబ "ఏమండీ" అంది. మళ్లీ అంది. పోచమ్మ లేచి చల్లబడిన ఆయన పాదం పట్టుకుని చూసి, దుర్గాంబ చేతిలోంచి నీళ్లచెంబు మెల్లగా అందుకుంది.

సాయంత్రానికి ఇల్లు జనంతో నిండింది. తల్లి ఒళ్లో తలపెట్టుకుని పడుకుంది రవళి. కిటికీ గట్టు మీది గ్లాసును ఎవరూ కదపలేదు. అందులో ఇంకో గుక్కెడు వైను మిగిలే ఉంది. ఆయన పెదవి తగిలినచోట గాజు అంచున ఎర్రటి చార ఆరుతోంది.