దడదడ చెయ్యి

ఊరికే సలహాలిచ్చేవాళ్ళంటే దడదడకి మొదట్నించీ నమ్మకం లేదు. దడదడ అన్నది ఆమె అసలు పేరు కాదు, డ్రమ్స్ వాయిస్తుంది గనక చుట్టాలు తగిలించిన పేరు. చెల్లెలు పాడుతుంది, మేనత్త కొడుకు బావ గిటారు వాయిస్తాడు. ఈ ముగ్గురే బ్యాండు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, వాషింగ్ మిషను పక్కన, గోడలకి పాత దుప్పట్లు కొట్టుకుని ఏళ్ళ తరబడి సాధన చేసి, ఇప్పటికి మొదటి పాట రికార్డు చేసుకోబోతున్నారు. ఆ పాటలో తన చెయ్యి వినపడాలి. దడదడకి అంతకు మించి ఇంకో కోరిక లేదు.

ఈలోగా బావ ఎక్కణ్ణించో ఓ సలహాల మాస్టార్ని పట్టుకొచ్చాడు. ఆయన ఒకప్పుడు రికార్డింగు స్టూడియో నడిపాడట. ఇప్పుడు వాయిద్యాల కొట్టు వెనక హాల్లో కొత్త బ్యాండ్లని కూర్చోబెట్టి మంచీ చెడ్డా చెబుతాడు, పైసా తీసుకోడు. పాట ఎవరెవరు కట్టారో విడుదలకి ముందే నోరు తెరిచి తేల్చుకోండి అంటాడు. రాత్రికి రాత్రి పైకి తెస్తానని ముందే డబ్బడిగేవాణ్ణి గడప తొక్కనివ్వకండి, పాట మీద హక్కులన్నీ ఎవరికీ రాసివ్వకండి అంటాడు. స్టూడియోలో గంటకింతని గుంజుతారు గనక ఇంటిదగ్గరే క్లిక్కు పెట్టుకుని సాధన చేసి వెళ్ళమంటాడు. క్లిక్కంటే మరేం లేదు, చెవిలో టిక్కు టిక్కుమని లయ తప్పకుండా మోగే యంత్రం. అన్నీ వినడానికి బాగానే ఉన్నాయి. దడదడ అనుమానమంతా అక్కడే. ఇంత మంచివాడు పుణ్యానికి ఇవన్నీ ఎందుకు చెబుతాడు? పాట కాజేద్దామనో, చెల్లెల్ని విడదీసి ఒంటరిగా పాడించుకుందామనో ఎత్తు వేసే ఉంటాడు. ఇక క్లిక్కు సంగతంటారా, ఆమె చెవిన పెడితేగా. లయ తన రక్తంలోనే ఉందని ధీమా.

ఒకరోజు షెడ్డులో వాయిస్తుంటే చెల్లెలు పల్లవి చివర పిసరంత ఆగి అందుకుంది. ఇంకొకరైతే పట్టించుకోరు. దడదడ చేతిలో స్టిక్కులు గాల్లోనే ఆగిపోయాయి. ఊహ తెలిసిన దగ్గర్నించీ తన చేతికి పాడిన పిల్ల, ఇవాళ ఇంకెవరి చేతికో అలవాటు పడ్డట్టు పాడుతోంది. ఏమైందే అనడిగితే గొంతు బాగాలేదంది. బావ గిటారు తీగలు బిగించడం మొదలుపెట్టాడు. వాటిని పది నిమిషాల కిందటే బిగించాడు.

అప్పట్నించి చెల్లెలు ఫోను బోర్లా పెట్టినా అనుమానమే, బావ మామూలుగా నవ్వినా అనుమానమే. ఇంకో డ్రమ్మరుని చూసుకున్నారు, తనకి ఉద్వాసన చెప్పబోతున్నారు, ఇదంతా ఆ మాస్టారి నిర్వాకమే. తను పక్కన కూర్చోబెట్టుకుని తాళం నేర్పిన చెల్లెలే ఇలా చేస్తుందా?

మర్నాడు చెల్లెలు స్నేహితురాలి ఇంటికని బయల్దేరింది. దడదడ దూరంగా వెనకే నడిచింది. చెల్లెలు నేరుగా వెళ్ళి వాయిద్యాల కొట్లో దూరింది. హాలు తలుపు దగ్గర చెవి ఒగ్గితే తమ పాటే, డ్రమ్స్‌తో సహా వినపడుతోంది. ఎవడో గానీ చెయ్యి మహా నిలకడగా ఉంది. ఆమె తలుపు తోసుకుని లోపలికెళ్ళింది.

డ్రమ్మరు ఎవడూ లేడు. కంప్యూటరు ముందు మాస్టారు, ఆ పక్కనే బావా చెల్లెలూ ఉన్నారు. దరువు వస్తున్నది కంప్యూటర్లోంచి.

చెల్లెలే అంతా కక్కేసింది. అక్క చెయ్యి పరిగెడుతుంది, పాట చివరికొచ్చేసరికి మొదట్లో ఉన్న నడక ఉండదు. మాస్టారు వీళ్ళ పాట విన్న మొదటి రోజే ఆ సంగతి పట్టేసి, ఆవిడకే చెప్పండి, సాధన చేసుకుంటుంది అన్నాడు. వీళ్ళకి నోరు రాలేదు. అందుకని ఇద్దరూ కలిసి ఓ ఉపాయం పన్నారు. స్టూడియోలో అక్కని తనివితీరా వాయించనిచ్చి, ఆమె వెళ్ళాక ఆ చోట యంత్రం దరువు పెట్టి, పేరు మాత్రం అక్కదే వేద్దామని. యంత్రంతో సాధన వరకైతే సరే గానీ, వాయించని మనిషి పేరు వేస్తే నేను ఒప్పుకోనని మాస్టారు మొత్తుకుంటూనే ఉన్నాడు.

దడదడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నా చెయ్యి నేను పోల్చుకోలేననుకున్నావా?" అంది.

చెల్లెలు తలెత్తలేదు. "ఇన్నేళ్ళూ పరిగెడుతున్నావని పోల్చుకోలేదు కదక్కా. నిన్ను అందుకోవడానికి ఊపిరి బిగబట్టి పాడుతున్నాను."

దడదడ వెళ్ళి హాలు మూలనున్న డ్రమ్స్ ముందు కూర్చుని, క్లిక్కు పెట్టమంది. ఇదంతా అబద్ధమని అక్కడికక్కడే తేల్చేద్దామని ఆమె పట్టుదల. మొదట్లో టిక్కు టిక్కు తన దెబ్బల కింద కలిసిపోయి వినపడనే లేదు. పల్లవి దాటేసరికి విడిగా వినపడింది. చరణంలో ఇంకా వెనక పడింది. కాదు, అది ఉన్నచోటే ఉంది, ముందుకి వెళ్ళిపోయింది తను. ఆమె వాయించడం ఆపేసింది. మాస్టార్నీ చెల్లెల్నీ అనుమానించింది గానీ, చెవిలో మోగేదాన్ని ఏమని అనుమానిస్తుంది?

దడదడ బావతో రికార్డింగు వాయిదా వెయ్యమని చెప్పి, మాస్టారిని క్లిక్కు ఇంకాస్త నెమ్మదిగా పెట్టమని అడిగింది. తర్వాత స్టిక్కులు ఎత్తింది.

"పాడవే," అంది చెల్లెలితో. "ఈసారి నా వెనక పరిగెత్తకు."