గుమ్మడికాయ మింగిన జర్మను కారు

నేను ఒక కారును. ఈ ముక్క ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే నన్ను చూసి కోళ్లగూడు అనుకున్నవాళ్లున్నారు, బెల్లం గోదాము అనుకున్నవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. ఒక్కో కాలంలో నేను నిజంగానే అవన్నీ అయ్యాను. కానీ పుట్టుక మాత్రం కారు పుట్టుకే, అదీ జర్మనీలో.

జర్మనీ సంగతులు ఎక్కువ చెప్పను. చెబితే గొప్పలు పోతున్నానంటారు. ఒక్కటి మాత్రం చెప్పి ఊరుకుంటాను. అక్కడ నన్ను తయారు చేసినవాళ్లు నా తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు చెవి ఒగ్గి వినేవారు. నచ్చకపోతే మళ్లీ బిగించి, మళ్లీ వినేవారు. అంత ముద్దుగా పెంచిన ఆ తలుపును విశాఖపట్నం జిల్లాలో కాలితో తన్ని మూస్తారని వాళ్లకు తెలియదు. తెలిస్తే నన్ను ఓడ ఎక్కించేవాళ్లు కారు.

ఇక్కడ ఏదో కర్మాగారం కట్టడానికి వచ్చిన జర్మను ఇంజనీరు నన్ను వెంట తెచ్చుకున్నాడు. మహా పద్ధతి గల మనిషి. రోడ్డు మీద గేదె అడ్డం వస్తే హారన్ కొట్టేవాడు కాదు. అది తన పని చూసుకుని వెళ్లేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. గేదె ఆ మర్యాద కనిపెట్టి రోజూ అదే వేళకు వచ్చి నిలబడేది. పని పూర్తయ్యాక ఆయన నా ముందు నిలబడి, టోపీ తీసి, తల వంచి వెళ్లిపోయాడు. మనిషి కారుకు దండం పెట్టడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఆ తర్వాత ఈ దేశంలో చాలాసార్లు చూశాను, కాకపోతే నిమ్మకాయలతో.

ఆ తర్వాత నన్ను అనకాపల్లి బెల్లం వ్యాపారి పీలా కనకారావు కొన్నాడు. ఆయన దృష్టిలో కారంటే డిక్కీ. డిక్కీ నిండితే వెనక సీటు, అదీ నిండితే ముందు సీటు, ఆపైన మిగిలిన జాగాలో తను. వేసవిలో బెల్లం కరిగి నా తోలు సీట్లలోకి ఇంకింది. దాని వెంట చీమలు వచ్చాయి. వచ్చిన చీమలు పోలేదు. వాటి మనుమలు, మునిమనుమలు ఈనాటికీ నా లోపలే కాపురం ఉన్నాయి, బాడుగ మాట ఎత్తవు. కనకారావు నా మెత్తని హారన్ పీకేసి లారీ హారన్ బిగించాడు. నా ఒంటి మీద జరిగిన మొదటి ముస్తాబు అదే. తర్వాత ఆయన కొత్త కారు కొనుక్కుని నన్ను చెరకు గానుగ పాకలోకి తోసేశాడు. అక్కడ కోళ్లు చేరాయి. ఒక తెల్లకోడి ఎప్పుడూ డ్రైవరు సీటులోనే గుడ్లు పెట్టేది. వెనక సీటుకు పొమ్మంటే దానికి నామోషీ.

ఇలా బతుకు వెళ్లిపోతుండగా కనకారావుకు పన్ను నొప్పి వచ్చింది. బెల్లం తిన్న నోరు కదా, రాకేం చేస్తుంది? విశాఖలో పళ్ల డాక్టరు కర్రి నరసింగరావు దగ్గరికి వెళ్లాడు. ఈ డాక్టరుకు లోకంలో రెండే ఇష్టాలు. ఒకటి పాత జర్మను కార్లు, రెండోది వాటి గురించి మాట్లాడటం. ఎదుటివాడి నోట్లో పరికరాలు పెట్టి మాట్లాడటం అలవాటు కనుక ఆయన మాటకు ఎవరూ అడ్డు తగలరు. నేను పాకలో ఉన్నానని ఎవరి ద్వారానో విన్నాడట, ఆ కారు నాకిచ్చేస్తారా అని అడిగాడు. కనకారావు నొప్పికి 'ఊ' అన్నాడు. డాక్టరు దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు. నా జాతకం మారింది ఆ మూలుగుతో.

డాక్టరు వచ్చి నా బానెట్ ఎత్తి, 'ఇంకొంచెం పెద్దగా తెరవాలి' అన్నాడు. చిన్న అద్దం పుల్లతో నా ఇంజను సందులన్నీ చూశాడు. తుప్పు పట్టిన చోట గీకి, పళ్లకు పెట్టే సిమెంటుతో పూడ్చాడు. ఇంజనుకు పట్టిన మసిని పళ్ల గార తీసినట్టు తీసి, గొట్టంతో నీళ్లు కొట్టి 'పుక్కిలించెయ్' అన్నాడు. నేను పుక్కిలించాను. ఏం చేస్తాను?

ఆయనకు తోడు మెకానిక్కు సన్యాసినాయుడు. ఈయన నన్ను ఊడదీసి బిగించిన ప్రతిసారీ కొన్ని బోల్టులు మిగిలిపోయేవి. డాక్టరు కంగారు పడితే, వాటిని జేబులో వేసుకుంటూ ఒకటే మాట అనేవాడు.

"ఏటీ కాదు బాబూ. జర్మనోళ్లకి భయం ఎక్కువ, అందుకే ఎక్కువెట్టీసినారు."

ఇక్కడ డాక్టరు గారి భార్య హైమవతి గురించి చెప్పాలి. చెప్పకపోతే అన్యాయం. ఇంటి వెనక షెడ్డు ఆమె కట్టించుకున్నది, ఆడపిల్లలకు కుట్టు నేర్పడానికి. అందులో మిషన్లు పెట్టకముందే నన్ను తెచ్చి పెట్టారు, నాలుగు రోజులు ఓపిక పట్టమన్నారు. నాలుగు రోజులు కాస్తా ఏళ్లయ్యాయి. మిషన్లు పడకగదిలో ఒకదాని మీద ఒకటి, నేర్చుకునేవాళ్లు మెట్ల మీద, గుడ్డలు ఒళ్లో. నన్ను ఆమె ఎప్పుడూ 'మీ కారు' అనే అనేది. ఆ 'మీ' లోని కారం నా రేడియేటరు దాకా తగిలేది.

ఆమె కోపం అటుంచి డాక్టరు నన్ను ముస్తాబు చేస్తూనే ఉన్నాడు. ఫోనులో పాత జర్మను కార్ల అభిమానుల బృందం ఒకటుంది. అందరూ పెద్దమనుషులే, కానీ ఫోను చేతిలోకి వచ్చేసరికి పసిపిల్లలు. కారు నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత అందమని వాళ్లు తీర్మానించారు. అంతే, నా స్ప్రింగులు కోసేశారు. నా గడ్డం, అంటే ముందు బంపరు, దాని కింద ఇడ్లీ పడుతుంది కానీ గారె తగులుతుందనేలా తయారయ్యాను. డిక్కీలోంచి జాకీ తీసేసి డిక్కీ అంత పొడుగు స్పీకరు పెట్టెను ఎక్కించారు. కింద నీలం దీపాలు. ఒంటికి తమలపాకు రంగు. ఆ రంగు మీద ఈగ వాలినా డాక్టరుకు ప్రాణం విలవిలలాడేది. మెత్తని గుడ్డతో తుడిచేవాడు తప్ప ఎవర్నీ వేలు పెట్టనిచ్చేవాడు కాదు.

చివరికి ఒకరోజు హైమవతి షెడ్డు గుమ్మంలో నిలబడి తేల్చేసింది.

"శనివారం మీ కారుని సింహాచలం కొండ ఎక్కించి దింపండి. నేనూ వస్తాను. దారిలో ఎక్కడైనా సరే, ఎవరైనా చెయ్యేసి తోశారా, అటునుంచి అటే పాత ఇనుము కొట్టుకి. నా షెడ్డు నాకు కావాలి."

డాక్టరు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ నా అద్దాన్ని తుడిచాడు. పాత ఇనుము కొట్టంటే ఏమిటో నాకూ తెలుసు. గానుగ పాకలో నా పక్కన ఉండే జీపును అక్కడికే పట్టుకుపోయారు. భయం వేసింది. జర్మనీలో పుట్టినా భయం భయమే కదా.

శనివారం ఉదయం బయలుదేరాం. వెనక మోపెడ్ మీద సన్యాసినాయుడు, జేబులో బోల్టులు గలగలలాడుతూ. కొండ ఎక్కేముందు కింద గుడి దగ్గర బండి పూజ చేయించాలని హైమవతి అంది. నా వెనక ఒక కొత్త తెల్లకారు, రిబ్బను కట్టుకుని, పెళ్లికూతురిలా వరసలో నిలబడింది.

పంతులుగారు గంధం కలిపి నా బానెట్ మీద బొట్టు పెట్టబోతే డాక్టరు చెయ్యి అడ్డం పెట్టి, అద్దం మీద పెట్టమని బతిమాలాడు. నైవేద్యానికి బెల్లం ముక్క పెట్టగానే నాలోని అనకాపల్లి చీమలు వరస కట్టి దర్శనానికి బయటికి వచ్చాయి. కుటుంబంతో సహా వచ్చారన్నమాట, అని పంతులుగారు సంతోషించి కాస్త బెల్లం ఎక్కువ వేశారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది.

ఆ తర్వాత గుమ్మడికాయ. దిష్టి తీసి బండి ముందు నేలకేసి కొట్టాలి, లోకమంతా చేసేది అదే. కానీ ముక్కలు ఎగిరి తమలపాకు రంగు మీద పడితే? డాక్టరుకు ఆ ఊహే భరించలేనిదైంది. నిమ్మకాయలు చక్రం కింద నలిగినట్టే ఇదీ నలుగుతుంది కదా అని, బూడిద గుమ్మడికాయను మెల్లగా దింపి నా ఎడమ చక్రం ఎదురుగా పెట్టాడు. పంతులుగారు ముక్కున వేలేసుకున్నారు. చక్రం కంటే ముందు నా గడ్డం ఉందనీ, ఆ గడ్డాన్ని స్వయంగా తనే నేలకు దించాడనీ డాక్టరు మరిచిపోయాడు.

నేను కదిలాను. నిమ్మకాయలు చిట్లాయి. గడ్డం గుమ్మడికాయకు తగిలింది. డాక్టరు ఇంకాస్త నొక్కాడు. కాయ నా కిందికి దూరి, నేను కాయ మీదికెక్కి, ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. స్ప్రింగులు కోసిన తర్వాత నేను అంత ఎత్తు చూడటం అదే మొదలు. ఇంజను ఆగిపోయింది.

జాకీ లేదు. స్పీకరు ఉంది, అందులోంచి దేవుడి పాట మోగుతోంది. జనం మూగి, ఎత్తుదామని చేతులు చాచారు. డాక్టరు రెండు చేతులూ అడ్డం పెట్టి ఎవరూ ముట్టుకోవద్దని వేడుకున్నాడు. అల్లంత దూరంలో హైమవతి చేతులు కట్టుకుని చూస్తోంది.

అప్పుడాయన పళ్లు పీకే పరికరాల సంచీ తెచ్చి, పట్టు కండువాతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, నా గడ్డం కిందికి తల పెట్టాడు. జ్ఞానదంతం పీకినట్టు గుమ్మడికాయను పీకడం మొదలుపెట్టాడు. సన్యాసినాయుడు పక్కన కూర్చుని నర్సులాగా పటకార్లు అందించాడు. అలవాటు కొద్దీ డాక్టరు నాతో, నొప్పి ఉంటే చెయ్యి ఎత్తమన్నాడు. జనం పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గింజలు, గుజ్జు అన్నీ ఆయన మొహం మీదే పడుతున్నాయి. ఆ మనిషి నాకోసం పడుతున్న పాటు చూసి నాకు దుఃఖం వచ్చింది.

చివరి ముక్క కూడా ఊడాక నేను నేలకు దిగాను. ఆయన మొహం తుడుచుకుని తాళం తిప్పాడు. 'టిక్' మంది, అంతే. ఇంతసేపూ మోగిన పాట, వెలిగిన నీలం దీపాలు కలిసి బ్యాటరీని పీల్చేశాయి. ఇక తోయడం తప్ప దారి లేదు.

తెల్లకారు ఆసామి అద్దం దించాడు.

"ఏటండీ డాట్టరు గారూ, ఆ డొక్కుని ఓ పక్కకి తోయించీసి, ఇనుము కొట్టోడికి కబురెట్టీరాదా?"

డాక్టరు కిందికి దిగి, కండువా కొసతో నా దీపం మీది గుజ్జు తుడిచాడు. భార్య వైపు చూసి నెమ్మదిగా అన్నాడు.

"సరే హైమా. మాటంటే మాటే. కబురు పెట్టు."

హైమవతి ఫోను తీయలేదు. తిన్నగా తెల్లకారు దగ్గరికి వెళ్లింది.

"డొక్కా? మా కారు వయసు వచ్చేదాకా మీ బండి బతికుంటే అప్పుడు మాట్లాడదాం లెండి."

మా కారు. ఆ మాట నా చెవిన పడింది. చెవులు లేవు కానీ పడింది.

ఆమె కొంగు నడుముకు చుట్టి, నా వెనక్కి వచ్చి, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించింది. డాక్టరును లోపల కూర్చోమంది. ఆ పక్కన సన్యాసినాయుడు, ఈ పక్కన పంతులుగారు చేరారు. చక్రాలు దొర్లాయి. ఇప్పుడు కూడా స్టార్టు కాకపోతే నేను పుట్టి ఏం లాభం అనుకున్నాను. దగ్గాను, తుమ్మాను, గర్జించాను. నా పొగంతా వెళ్లి తెల్లకారు రిబ్బను మీద పడింది. కావాలని కాదు. కాస్త కావాలనే.

కొండ ఎక్కుతుంటే డాక్టరు సగం దారిలో, నువ్వే తోశావు కదా హైమా, మరి షరతు మాటేమిటి అన్నాడు. ఆమె కిటికీలోంచి జీడిమామిడి చెట్లు చూస్తూ జవాబిచ్చింది.

"నేను తోసింది గుమ్మడికాయ తొక్కల్నండి. మధ్యలో కారు అడ్డం వస్తే నేనేం చెయ్యను?"

కొండ దిగి క్షేమంగా ఇంటికి చేరాం. మర్నాడు డాక్టరే మిషన్లన్నీ మోసుకొచ్చి షెడ్డులో నా చుట్టూ వరసగా పెట్టాడు. కుట్టు నేర్చుకునే పిల్లలు వచ్చారు. ఇప్పుడు నా వెనక సీటు నిండా జాకెట్టు ముక్కలు, గేరు రాడ్డుకు కొలతల టేపు. చీమలు మాత్రం కదలలేదు. కనకారావు ఒకసారి పెట్టుడు పన్ను కట్టించుకోవడానికి వచ్చి నన్ను చూసి, లారీ హారన్ ఇంకా ఉందని తెలిసి, ఒకసారి కొట్టి సంతోషంగా వెళ్లాడు.

గుడ్డలు కత్తిరించడానికి వెడల్పాటి బల్ల లేక హైమవతి ఇబ్బంది పడింది. కొన్నాళ్లు చూసి, ఒకనాడు నా బానెట్ మీదే గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తెర ఆడించింది. కత్తెర కొస జారి తమలపాకు రంగు మీద జానెడు పొడుగున గీత పడింది. గుమ్మంలో డాక్టరు నిలబడి ఉన్నాడు. గీత చూశాడు. ఈగ వాలితే విలవిలలాడిన మనిషి.

ఆయన లోపలికి వచ్చి, గుడ్డ రెండో కొస జారిపోకుండా పట్టుకున్నాడు.